ముగింపులు చెప్పే మావయ్య

మావయ్య దబ్బనంలోకి దారం ఎక్కించాడంటే ఏదో ఒక కథకు మూడిందన్నమాటే. చేతులు పుస్తకం ఫారాలు కుడుతుంటాయి, నోరు ముగింపు చెప్పేస్తుంది. బైండింగ్ షాపులో ఆయన పక్కన పదకొండేళ్లు కూర్చున్నాను. ఆయన వేసిన కుట్టు తెగడం చూడలేదు. ముగింపు చెప్పకుండా ఆయన అప్పగించిన కథల పుస్తకమూ చూడలేదు.

పుస్తకం కోసం వచ్చిన మనిషి గుమ్మం ఎక్కుతుండగానే, "మూడో కథలో ఆ ఉత్తరం రాసింది పెళ్లామే," అనేవాడు, చావు కబురు చెప్పినంత గంభీరంగా.

"అయ్యో, నేనింకా చదవలేదండీ!"

"పర్లేదు. కుట్టు గట్టిగా ఉంది."

ఒకాయన తెలివిగా చెవుల్లో దూది పెట్టుకుని వచ్చాడు. మావయ్య ఏమీ అనుకోలేదు. "హంతకుడు డాక్టరే" అని చీటీ రాసి పుస్తకంలో పెట్టిచ్చాడు.

నేనైతే కథలు చదవడమే మానేశాను. చివర తెలిశాక ఇంకేం చదువుతాం?

సందు చివర లైబ్రరీ నడిపే ఆవిడ ఒకరోజు నేరుగా మావయ్య ముందుకొచ్చి నిలబడింది. మా పనిలో సగం ఆవిడ దగ్గర్నుంచే వస్తుంది.

"బాబాయ్, ఒకటి జరుగుతుందనుకుంటే చివర్లో ఇంకోటి జరగాలి. కథకి ప్రాణమే అది. దాని పీక మీరు గుమ్మంలోనే నులిమేస్తున్నారు. ఇంకొక్క ముగింపు చెప్పారో, పుస్తకాలు వేరేచోటికి పంపిస్తా."

మావయ్య బుద్ధిగా తలూపాడు. ఆవిడ అట్ట ఊడిన పుస్తకమొకటి బల్ల మీద పెట్టింది. గొంతు తగ్గింది.

"ఇది మా నాన్నది. ఆర్నెల్లుగా మంచం మీదే ఉన్నారు. రెండు పేజీలు చదవడం, 'చివరేంటో తెలిసిపోయిందిలే' అని విసిరికొట్టడం. తిండీ అంతే, మాటా అంతే. దేని మీదా ఆసక్తి లేదు."

అది ఒక్క పూట పని. మావయ్య మూడు రోజులు పెట్టుకున్నాడు. నాలుగో రోజు నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లి, పుస్తకం పెద్దాయన చేతిలో పెట్టాడు.

"ఆఖరి కథ బావుందండీ. వాడు జీవితమంతా కాపలా కాసిన గది చివరికి ఖాళీ."

"బాబాయ్!" అని అరిచింది ఆవిడ.

పెద్దాయన కళ్లయినా తెరవలేదు. "నేనూ అదే అనుకున్నా," అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు మావయ్యను వదిలేసి నాలుగడుగులు ముందే నడిచాను. సగం పని పోయినట్టేనని నా బెంగ.

రెండు రోజులకి ఆవిడ వచ్చింది, రెండు చేతుల నిండా చిరిగిన పుస్తకాలతో.

"నాన్న మిమ్మల్ని అబద్ధాలకోరు అంటున్నారు బాబాయ్. గది ఖాళీ కాదట! లోపల ఒకడు కూర్చుని ఈ కాపలావాడికే కాపలా కాస్తున్నాడట. ఎంత నవ్వారో! 'ఆ బైండరుకి చదవడం రాదు, మిగతా కథలూ చూస్తా' అని పుస్తకమంతా చదివేశారు. ఇంకోటి కావాలిట. ముగింపు మీచేత చెప్పించుకుని మరీ తెమ్మన్నారు."

"తప్పు చెప్పానా? వయసు మీదపడింది, గుర్తుండట్లేదమ్మాయ్," అన్నాడు మావయ్య, దారం కొరుకుతూ.

ఆ సాయంత్రమే లైబ్రరీకి వెళ్లి, మావయ్య ముగింపు చెప్పిన కథలన్నీ వెతికి చివరి పేజీలు తిప్పాను. ఉత్తరం రాసింది పెళ్లాం కాదు. డాక్టరు హంతకుడు కాదు, చచ్చిందే ఆయన. పదకొండేళ్లలో ఒక్కటంటే ఒక్క నిజం చెప్పలేదు మహానుభావుడు!

మర్నాడు నిలదీశాను. "ఇదేం బుద్ధి మావయ్యా?"

ఆయన అప్పుడే కుట్టు ముగించిన పుస్తకాన్ని అట్టలు రెండూ తాకేలా వెనక్కి వంచాడు.

"కొత్త కుట్టు బిర్రుగా ఉంటుందిరా. ముందు అటు వంచితేనే ఇటు సాఫీగా తెరుచుకుంటుంది. చదివేవాడూ అంతే."

జిగురు మరకలు తుడిచి, పుస్తకం నా చేతిలో పెట్టాడు.

"లైబ్రరీకి పంపేలోగా చదువుకో. చివర్లో ఆమె తిరిగి రాదు."

"అయ్యో, చెప్పేశావా మావయ్యా!" అన్నాను, ఆయనంత గంభీరంగా.