గోల్‌గప్పా బండి మీద మోహనం

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. వయొలిన్ వాయించడం బాగా వస్తే చాలు, మిగతావన్నీ వాటంతటవే వస్తాయని. (మిగతావంటే తిండి, ఇల్లు, పెళ్ళి, నలుగురిలో గౌరవం.) మా నాన్నకి ఈ నమ్మకం బొత్తిగా లేదు. ఆయన ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వోద్యోగి. సర్కారీ క్వార్టర్‌లో ఉంటూ, ఇంట్లో కాకినాడ తెలుగూ, కూరగాయలవాడి దగ్గర మాత్రం దబాయింపు హిందీ మాట్లాడే మనిషి. నా డిగ్రీ అయిన ఏడాది దీపావళి వెళ్ళగానే ఆయన తేల్చి చెప్పేశారు. "ఒరేయ్, ఈ చలికాలం నీది. హోలీలోగా ఆ వయొలిన్‌తో బతకొచ్చని చూపించావా, నీ ఇష్టం. లేదంటే ఓల్డ్ రాజిందర్ నగర్‌లో సివిల్స్ కోచింగ్. వాళ్ళతో మాట్లాడేశాను కూడా." అడగకుండానే మాట్లాడేయడం మా నాన్న పద్ధతి. నేను లోపల ఉడికిపోతూ, పైకి సరేనన్నాను.

నేను నేర్చుకున్నది విజయనగరం నుంచి వచ్చి ఢిల్లీలో స్థిరపడ్డ ఒక మాస్టారి దగ్గర. ఆయన నాకు ముందు నేర్పింది సరిగమలు కాదు, కూర్చోవడం. మన సంప్రదాయంలో వయొలిన్ వాయించేవాడు నేలమీద మఠం వేసుకుని, కుడికాలు కాస్త ముందుకి పెట్టాలి. వయొలిన్ ఒక కొస గుండెకి, రెండో కొస ఆ కాలి చీలమండకి ఆనాలి. అలా రెండువైపులా కుదురుగా ఉంటేనే ఎడమచెయ్యి తీగమీద పైకీ కిందకీ ధారాళంగా జారుతుంది, గమకం పలుకుతుంది. మేజోడు వేసుకుంటే ఆ కొస నిలవదు. అందుకని ఢిల్లీ జనవరిలో, నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోయే చలిలో, నేను స్వెట్టరు మీద స్వెట్టరు, మఫ్లరు, మంకీ క్యాప్ తొడుక్కుని, ఒక్క కుడిపాదాన్ని మాత్రం దిగంబరంగా వదిలేసి సాధన చేసేవాణ్ణి. కింది ఇంటి ఆంటీ పైకి వచ్చినప్పుడల్లా ఆ పాదం వంక జాలిగా చూసి, "బేటా, దూసరా మోజా ఖో గయా క్యా?" అని రెండో మేజోడు గురించి ఆరా తీసేది.

చలికాలం కరిగిపోతోంది గానీ కచేరీలు రావడం లేదు. వచ్చినవన్నీ శాలువా కచేరీలే. పిలిచేవారు, వాయించమనేవారు, శాలువా కప్పి పులిహోర పెట్టి పంపేవారు. అమ్మ ఆ శాలువాల్ని ఫ్రిజ్ మీద ఒకటి, వాషింగ్ మెషీన్ మీద ఒకటి కప్పింది. నాన్న వాటివైపు చూసి దీర్ఘంగా ఊపిరి వదిలేవారు. మాటలకన్నా ఆ ఊపిరే నాకు ఎక్కువ ఒళ్ళు మండించేది.

ఫిబ్రవరిలో గురుగ్రామ్ నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో పెళ్ళిళ్ళు చేయించే కంపెనీ అమ్మాయి. "సర్, ఆప్ వయొలిన్ బజాతే హైఁ నా?" అంది. "జీ" అన్నాను. పెళ్ళికూతురు మండపానికి వచ్చేటప్పుడు ఆమె ముందు నడుస్తూ వాయించాలంది. ఆనందంలో మళ్ళీ "జీ" అన్నాను. నా జీవితంలో ఇంత తొందరపాటు జీ ఇంకొకటి లేదు. నాకు నడుస్తూ కాదు కదా, నిలబడి వాయించడం కూడా రాదని ఫోన్ పెట్టేశాక గానీ వెలగలేదు. కానీ నాన్నకి అప్పటికే చెప్పేశాను, నిజమైన సంపాదన వచ్చే ప్రోగ్రాం అని. ఇక వెనక్కి పోలేను.

పెళ్ళిరోజు దాకా నిలబడే సాధన చేశాను. గడ్డం కింద వయొలిన్ బిగించి, గమకం కోసం చెయ్యి జార్చగానే, చెయ్యితోపాటు వయొలిన్ కూడా జారి వచ్చేసేది. అమ్మ తన పాత చున్నీతో దాన్ని నా మెడకి కట్టి చూసింది. "విరిగిన చెయ్యికి కట్టు కట్టినట్టుంది నాన్నా, విప్పేయ్" అని తనే విప్పేసింది. చివరికి మాస్టారి దగ్గరికి వెళ్ళి గోడు వెళ్ళబోసుకున్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "ఏటీ, నిలబడి వాయిస్తావా? ఈ ఊరి పెళ్ళిళ్ళలో నిలబడి తింతారు, మరి వాయించేవోణ్ణి కూర్చోమంటారేటి! కాలు కదిపేవంటే మాత్రం నా పేరు చెప్పకు" అన్నారు. సాయం చేయమని వెళితే వచ్చిన ఆశీర్వచనం అది.

పెళ్ళి రోజు సాయంత్రం ఫామ్‌హౌస్‌లో ఆ కంపెనీ అమ్మాయికి నిజం చెప్పేశాను. ఆమె వాకీటాకీని నుదుటికేసి కొట్టుకుని, చుట్టూ చూసి, "ఏక్ మినట్" అని మాయమైంది. తిరిగి వచ్చేసరికి వెనకాల ఇద్దరు వెయిటర్లు ఒక చాట్ బండిని తోసుకొస్తున్నారు. గోల్‌గప్పాలు, అంటే మన పానీపూరీలు, తీసేసి, దానిమీద పరుపు వేసి, అంచులకి బంతిపూలు చుట్టారు. "ఇస్‌పే బైఠ్ జాయియే సర్. ఆప్ బైఠే రహేంగే, గాడీ చలేగీ." నేను కూర్చుంటే బండి నడుస్తుందట! కోపంతో ఇంటికి వెళ్ళిపోదామనుకున్నాను. కానీ కళ్ళముందు రాజిందర్ నగర్ కోచింగ్ క్లాసు కనబడింది. జోళ్ళు, కుడి మేజోడు విప్పి బండెక్కాను.

బండి నిండా చింతపండు నీళ్ళ వాసన. చాట్ బోర్డు తీయడం అందరూ మరిచిపోయారని, ఒక అంకుల్ కాగితం గిన్నెతో వచ్చి, "భయ్యా, మీఠీ చట్నీ జ్యాదా" అని తీపి చట్నీ ఎక్కువ వెయ్యమన్నప్పుడు తెలిసింది. లేదని తల ఊపితే, సర్వీసు బాగాలేదని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఇంతలో పెళ్ళికూతురు వచ్చింది, పాట ఎత్తుకున్నాను, బండి కదిలింది. పచ్చిక మీద ఎత్తుపల్లాలకి బండి ఎగురుతోంది. చక్రం ఒకటి తన దారిన తను పోతానంటోంది. సగం దారిలో ఫోటోగ్రాఫర్ చెయ్యెత్తి ఆపాడు. షాట్ సరిగా రాలేదు, మళ్ళీ మొదటినుంచి రావాలట. పెళ్ళికూతురు వెనక్కి నడిచింది. నన్ను కూడా వెనక్కి లాగారు, వాయిస్తూ ఉండగానే. అలా ముందుకీ వెనక్కీ తిరుగుతుంటే వాళ్ళిచ్చిన సినిమా పాట అయిపోయింది. విసుగుతో, అవమానంతో పళ్ళు బిగించి, ఎవరేమనుకుంటే నాకేమని మోహన రాగం ఎత్తుకున్నాను. చివరికి ఢోల్ వాళ్ళు వచ్చి మోహనాన్ని ముంచేసేదాకా వాయిస్తూనే ఉన్నాను. కాలు మాత్రం కదపలేదు.

మర్నాడు పొద్దున లేచేసరికి నా పరువు అప్పటికే నాన్న ఫోన్లోకి చేరింది. పెళ్ళికి వచ్చిన తెలుగు సాఫ్ట్‌వేర్ కుర్రాడెవడో వీడియో తీసి, "మన తెలుగోడు!" అని నాన్న కూడా ఉన్న ఢిల్లీ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. నాన్న టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా చూస్తున్నారు. అయిపోతే మళ్ళీ మొదటినుంచి పెడుతున్నారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి తిట్ల కోసం ఎదురుచూశాను.

"మన వంశంలో ఇంతవరకూ ఎవడూ తోపుడుబండెక్కలేదురా" అన్నారు చివరికి.

వీడియోని వెనక్కి జరిపి, ఫోన్ నావైపు తిప్పారు.

"ఇదిగో, ఇక్కడ బండి గోతిలో పడింది. నువ్వు జానెడు ఎగిరావు. నీ పాట ఎందుకు ఎగరలేదు?"

తలుపు వేసుకుని ఫైళ్ళు చూసుకునే మనిషి ఇన్నాళ్ళూ ఆ తలుపు వెనకాల నా పాట వింటున్నాడని నాకెప్పుడూ తట్టలేదు. "అలవాటు నాన్నా" అన్నాను.

"ఊఁ" అని ఫోన్ బోర్లించారు. "రాజిందర్ నగర్ వాళ్ళకి రావట్లేదని చెప్పేస్తాలే."

"ఏమని చెప్తారు?"

"మావాడికి పిచ్చి ముదిరింది, ఇంక మందు లేదని" అంటూ చిరాగ్గా లేచి స్నానానికి వెళ్ళిపోయారు.

ఇప్పుడు దేశమంతా తిరిగి వాయిస్తున్నాను. మంచి సభలు, మంచి వేదికలు, కింద మెత్తటి తివాచీ. ఢిల్లీలో కచేరీ అయితే నాన్న ముందు వరసలో, పరీక్ష పేపర్లు దిద్దేవాడిలా మొహం పెట్టుకుని కూర్చుంటారు. నేను మేజోడు విప్పి, కాలు సర్దుకునే ముందు ఎందుకో ఒకసారి వేదిక కిందకి తొంగి చూస్తాను. చక్రాలుండవు. ఉండవని తెలిసీ చూస్తాను. అవి లేనందుకు, నిజం చెప్పొద్దూ, కొంచెం వెలితిగానే ఉంటుంది.