వీరుడి సాక్ష్యం

ఈ దీవుల్లో, డిగ్నాబాద్‌లోని మా తెలుగు చర్చికి ప్రతి స్వాతంత్ర్య దినానికీ ఒక వీరుడు కావాలి. సైన్యంలో చేసి రిటైరై గరాచర్మలో ఇల్లు కట్టుకున్న మా చిన్న మావయ్య ఉండగా వేరేవాళ్ళను వెతకడం దేనికని పాస్టరుగారు ఏటా అడిగేవారు. మావయ్య ఏటా మోకాళ్ళ నొప్పులనేవాడు. నిరుడు మాత్రం ఒప్పుకున్నాడు. మంచుకొండల్లో పోయిన తన స్నేహితుడి గురించి నలుగురిలో ఒక్కసారి ఉన్నదున్నట్టు చెప్పాలని ఉందన్నాడు నాతో.

శాలువా కప్పారు. పాస్టరుగారు పరిచయంలోనే శత్రువుల్ని సగం మందిని చంపేసి, మిగతా సగాన్ని మావయ్యకు వదిలారు.

మావయ్యకు కోతలు కోయడం చేతకాదు. యుద్ధమంటే ఎక్కువగా మంచు తవ్వడమేనన్నాడు. గడ్డకట్టిన గుడ్డును సుత్తితో పగలగొట్టుకోవడం, కాలివేళ్ళు ఉన్నాయో లేవో తడిమి చూసుకోవడం. ఉప్పుగాలిలో పుట్టినవాణ్ణి తీసుకెళ్ళి ఐసుపెట్టెలో పెట్టారన్నాడు. తుపాకీ ఎప్పుడు పేలుతుందా అని జనం కుర్చీల్లో అటూ ఇటూ కదిలారు.

"మంచు తుపానుకి హెలికాప్టర్ రాలేదు. రేషన్ అయిపోయింది. ఖాళీ కడుపుల్తో ముగ్గురం కింది పోస్టుకి బయల్దేరేం. ఇద్దరమే తిరిగొచ్చేం..."

"స్తోత్రం!" అంది చర్చి ముక్తకంఠంతో.

మా దగ్గర సాక్ష్యమంటే అంతే. ఎవరైనా తిరిగొచ్చాననగానే నోరు దానంతటదే స్తోత్రం అంటుంది. ఆస్పత్రి నుంచైనా సరే, దీవుల ఆ చివరనున్న డిగ్లీపూర్ నుంచైనా సరే. మావయ్య తెరిచిన నోరు మూయకముందే డోలక్ మోగింది, పాట అందుకున్నారు. మూడోవాడు ఆ పాటలో కొట్టుకుపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

బయట టీ దగ్గర ఓ యువకుడు వచ్చి, "అంకుల్, ఎంతమందిని మారా?" అని అడిగాడు.

"ఎవర్నీ చంపలేదు బేటా."

"అచ్ఛా, సీక్రెట్! సమజ్ గయా," అంటూ సెల్యూట్ కొట్టి వెళ్ళిపోయాడు.

గరాచర్మ బస్సులో మావయ్య శాలువాను మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"తర్వాత సెలవు మీద, ఆ తిరిగిరానివాడి ఊరెళ్ళేన్రా. వాళ్ళమ్మ యుద్ధం గురించి ఏటీ అడగలేదు. ఆ రోజు నా కొడుకు అన్నం తిన్నాడా బాబూ అంది, బస్, అంతే."

"మరి ఏటి చెప్పేవు మావయ్యా?"

"కడుపునిండా తిన్నాడని చెప్పేను. రెండు చేతులూ ఎత్తి దేవుడికి దండం పెట్టుకుంది."