ఊడిన రెక్క

కరీంనగర్‌లో బొమ్మ విమానాల విడిభాగాలు అమ్మే పెద్దాయన, డబ్బా చేతికిచ్చే ముందు ఎవరినైనా "నువ్వే అతికిస్తవా?" అని అడిగేవాడు. అప్పట్లో ఆ దుకాణానికి వెళ్లేది మేం ముగ్గురమే. ఊళ్లో మమ్మల్ని పిచ్చోళ్లనేవారు. ఇప్పుడా పిచ్చే ఫ్యాషనైంది. మొన్న వెళితే లోపల నిలబడే చోటు లేదు. అందరూ డబ్బాలతో ఫొటోలు దిగి, వాటిని మళ్లీ అరల్లో పెట్టి పోతున్నారు.

జమ్మికుంట నుంచి వచ్చిన ఒకమ్మాయి, "అంకుల్, చేసిపెట్టింది ఏదన్న లేదా? రీల్ తీసుకుంట" అంది. తాను చేసిన విమానాన్ని ఆయన ఆమె చేతిలో పెట్టాడు. పెట్టగానే రెక్క ఊడింది. అమ్మాయి ముఖం పాలిపోయింది.

"ఫికర్ జెయ్యకు బిడ్డా, కూసో" అంటూ జిగురు అందించాడు. రెక్క అతికిస్తూ గంటసేపు ఆమె తల ఎత్తలేదు, ఫోన్ ముట్టలేదు.

"మంచి విమానం పాడైంది గద" అన్నాను జాలిగా.

ఆయన నా చెవిలో, "ఏం పాడు? గా రెక్క నేను అతికియ్యనే లే, ఊకె ఆనిచ్చిన. గీ వారంల నలుగురిని గిట్లనే కూసోబెట్టిన" అన్నాడు.