చేతులు మామయ్యవి, చెవులు నావి

పోయిన మంగళవారం పొద్దున మా మామయ్య, అంటే నా భర్త తండ్రి, కన్నుమూశారు. ఎనభై ఏళ్ళ మనిషి. ఇడ్లీ తిని, చెయ్యి కడుక్కుని, పేపరు పట్టుకుని కుర్చీలో కూర్చున్నారు, అంతే. చుట్టాలందరికీ ఫోన్లు చేసింది నేనే. ఒకాయన పరామర్శంతా అయ్యాక, "మరి ఆయన చేసిన ఆ డబ్బా ఏం చేస్తరమ్మా ఇగ?" అని అడిగాడు. ఏడుస్తున్నదాన్ని కాస్తా ఒళ్ళు మండి, "అది డబ్బా కాదండీ, ఆంప్లిఫయర్" అని ఫోన్ పెట్టేశాను. దాని సంగతేమిటో మీకైనా చెప్పకపోతే నా కోపం చల్లారదు.

మామయ్య లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై నాలుగేళ్ళు ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యారు. పెళ్ళయి పద్మారావు నగర్ నుంచి నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు నాతోపాటు రెండు సూట్‌కేసులు, ఒక ఎలక్ట్రిక్ గిటారు వచ్చాయి. కోడలికి గిటారేమిటని ఈ ఇంట్లో ఎవరూ అనలేదు. అనబోయినవాళ్ళను మామయ్య అననివ్వలేదు. చర్చిలో క్వయర్‌తో, అంటే పాటల బృందంతో, వాయించేదాన్ని. మూడేళ్ళ కిందట ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఆయన నా దగ్గరికొచ్చి, "నీ వేళ్ళల్ల ఉన్నదంతా గా కిరాయి స్పీకర్లకెళ్ళి వస్తలేదు బిడ్డా. దానికి వాల్వుల సెట్టు గావాలె. నేను చేస్త" అన్నారు.

వాల్వులంటే పాత రేడియోల వెనక ఎర్రగా వెలిగే గాజు గొట్టాలు. వాటితో గిటారుకి ఆంప్లిఫయర్ చేస్తానంటున్నారు. "ఇప్పుడవన్నీ ఎందుకు మామయ్యా, కొనుక్కుందాం" అన్నాను. ఆయన ముఖం అదోలా పెట్టారు. "ముప్ఫై నాలుగేండ్లు ఎవరో చేసినయి, పాడైతే బాగుచేసిన. ఒక్కటన్న మొదటికెళ్ళి నేనే చేసింది ఉండొద్దా?" అన్నారు. సరేనన్నాను. చర్చి వార్షికోత్సవానికి మూడు నెలలుంది. ఆ రోజున మోగించాలని ఆయన పట్టు.

మూతబడ్డ ఒక సినిమా హాలు సామాను అమ్ముతుంటే అందులోంచి వాల్వులు తెచ్చారు. పాత బీరువా తలుపు కోసి పెట్టె చేశారు. ట్రాన్స్‌ఫార్మర్‌కి రాగి తీగ చుట్టిన రోజుల్లో ఇంట్లో ఎవరం నోరు మెదపడానికి లేదు. చుట్ల లెక్క తప్పితే మొత్తం విప్పి మళ్ళీ మొదలు. లోపల మూడు వందల వోల్టులు ఉంటాయి కాబట్టి కరెంటు పెట్టి పనిచేసేటప్పుడు ఒక్క చెయ్యే వాడేవారు, రెండోది జేబులో. రెండు చేతులూ తగిలితే షాకు గుండె గుండా పోతుందట. లుంగీకి జేబు ఉండదు కదా! అందుకని ఇంట్లోనే పాత డ్యూటీ ప్యాంటు తొడుక్కుని, బెల్టు కూడా పెట్టుకుని కూర్చునేవారు. "డ్యూటీ ఎక్కినవా నాన్నా?" అని మా ఆయన ఏడిపించేవారు.

ఇక రివర్బ్. పెద్ద హాల్లో పాడితే గొంతు ఆపాక కూడా పాట కాసేపు గాల్లో ఉంటుంది చూడండి, అది పెట్టెలోనే పుట్టించాలి. గిటారు ధ్వనిని సన్నని స్ప్రింగుల గుండా పంపితే కొంచెం ఆలస్యంగా, వణుకుతూ తిరిగొస్తుంది. మొదట మా వంటింటి కిటికీ కర్టెన్ స్ప్రింగు మాయమైంది. దాన్ని పెట్టి మీటితే బావిలో బిందె పడ్డట్టు మోగింది. తర్వాత ఒక పాత స్నేహితుడి చేత సన్నని ఉక్కు తీగతో చుట్టించుకొచ్చారు. బ్రహ్మాండంగా ఉందనుకునేలోపు ఇంటి వెనక పట్టాల మీద గూడ్సు బండి వెళ్ళింది. నేల అదిరి, స్ప్రింగులు ఊగి, స్పీకర్లోంచి ఉరుము వచ్చింది. నేను హడలిపోయి గిటారు కింద పెట్టేశాను. ఆయనేమో కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, "నన్ను యాదుంచుకున్నయ్ బిడ్డా బండ్లు" అన్నారు. మర్నాడు సైకిలు ట్యూబు ముక్కలతో ఆ స్ప్రింగుల పెట్టెను వేలాడదీశారు. ఉరుము పోయింది.

మిగిలింది శ్రుతి పెట్టినట్టు ధ్వనిని సరిచూసుకోవడమే. అక్కడే నేను తప్పు చేశాను. "ఇంకా సురుకు రాలే" అంటూ కండెన్సర్లు, అంటే ధ్వని పదును పెంచి తగ్గించే చిన్న ముక్కలు, మార్చేవారు. మార్చిన ప్రతిసారీ ధ్వని పదునెక్కేది. పళ్ళు జివ్వుమనేవి. "ఎట్లున్నది?" అని ఆశగా నా ముఖంలోకి చూస్తే, "బాగుంది మామయ్యా" అనేదాన్ని. పెద్దాయన, పొద్దుటినుంచి వంగి కూర్చున్న మనిషి, బాగాలేదని ఏ నోటితో చెప్పను? రెండు వారాలు అలాగే అన్నాను.

వార్షికోత్సవానికి ఎనిమిది రోజుల ముందు చర్చిలో ప్రాక్టీసు. మొదటి తీగ మీటగానే క్వయర్‌లో ముందు వరస ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. "అమ్మో, సూదులు గుచ్చినట్టున్నది!" అంది ఒకావిడ. నాకు తల కొట్టేసినట్టయింది. మామయ్య వాళ్ళ చేతులవైపు చూశారు, పెట్టెవైపు చూశారు. ఆయనకేమీ తేడా వినబడలేదు. పాస్టరుగారు మెల్లగా, "ఈసారికి కిరాయి స్పీకరే పెట్టుకుందామా?" అన్నారు. పెట్టెను ఆటోలో వేసుకుని ఇంటికొచ్చేశాం.

ఇంట్లో కూర్చోబెట్టి అడిగారు. "నిజం చెప్పు. నీకు ఇనవడ్డదా, లేదా?"

"వినబడింది మామయ్యా. రెండు వారాల నుంచి వినబడుతూనే ఉంది."

"మరి చెప్పలేదేంది?"

నేను తల దించుకున్నాను. అప్పుడాయన, వర్క్‌షాపు సుత్తి మోతలకు తన చెవులు ఎప్పుడో దెబ్బతిన్నాయని, సన్నని ధ్వనులు కొన్నేళ్ళుగా వినబడటం లేదని చెప్పారు. కొడుక్కి కూడా చెప్పుకోలేదట. "నువ్వు కోడలి లెక్క చెప్పినవ్. నాకు కోడలు ఉన్నది. చెవులే లేవు. జెర నీయి ఇయ్యి బిడ్డా" అన్నారు. నేను ఏడ్చేశాను. ఆయన మాత్రం లేచి వెళ్ళి ప్యాంటు తొడుక్కొచ్చారు.

ఆ క్షణం నుంచి ఆ టేబుల్ దగ్గర "బాగుంది" అనే మాట బంద్. ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆయన మారుస్తారు, నేను మీటి తీర్పు చెప్తాను. "ఛీ, తగరం." "ఇది మరీ మొద్దు, ముక్కు దిబ్బడేసినట్టుంది." "తీసెయ్యండి, దరిద్రంగా ఉంది." ఆఫీసు నుంచి వచ్చిన మా ఆయన గుమ్మంలో ఈ మాటలు విని కొయ్యబారిపోయారు. "ఏందే, నాన్నతోటి గట్లనా మాట్లాడేది?"

"నువ్వు ఊకోరా, పని నడుస్తున్నది" అన్నారు మామయ్య, తలెత్తకుండానే.

ఆరో రోజు సాయంత్రం ఒక కండెన్సర్ మార్చాక మీటి, ఏమీ అనలేకపోయాను. నా వేళ్ళలో ఉన్నది ఉన్నట్టు బయటికొచ్చింది, వెచ్చగా, నిండుగా. ఆయన నా ముఖం చూసి, అడగకుండానే సోల్డరింగ్ కడ్డీ ప్లగ్గు తీసేశారు.

వార్షికోత్సవం రోజున ఆయన ముందు వరసలో, వెనక్కి తిరిగి కూర్చున్నారు. పాట సాగినంతసేపూ నన్ను చూడలేదు, జనం ముఖాలే చూశారు. ఒక్క చెయ్యీ చెవి మీదికి పోలేదు. ముగిశాక కిరాయి స్పీకర్లతనే వచ్చి, పెట్టె చుట్టూ తిరిగి పేరు వెతికి, "ఏ కంపెనీది సార్?" అన్నాడు. మామయ్య ఛాతీ విరుచుకుని, "చేతులు నాయి, చెవులు మా కోడలియి. గదే కంపెనీ" అన్నారు. నా జన్మలో నన్నెవరూ అంత గొప్పగా పరిచయం చేయలేదు.

పోవడానికి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన మెల్లగా అడిగారు. "బిడ్డా, గా రివర్బు నాకు ఒక్కసారి సుత ఇనవడలే. నువ్వు తీగ ఇడిచినంక, ఎంతసేపు ఉంటది?"

నోటితో ఎలా చెప్పాలో తెలియలేదు. ఆంప్లిఫయర్ ఆన్ చేసి, ఆయన ఎదురుగా కూర్చుని, ఒక్క తీగ మీటాను. మీటిన చెయ్యి తల ఎత్తుకు లేపాను. ధ్వని ఎంత తగ్గుతుంటే చేతిని అంత కిందికి దించుతూ వచ్చాను. ఆయన రెప్ప వెయ్యకుండా నా చేతినే చూస్తున్నారు. అది భుజం దాటింది, గిటారు అంచు దాటింది, చిట్టచివరికి మోకాలి మీద ఆగింది.

"గంతసేపా!" అన్నారు. ముఖం వెలిగిపోయింది. "నేను చేసిందేనా గది?"

"మీరు చేసిందే మామయ్యా."

"ఇంకొక్కపారి" అన్నారు, కుర్చీ ముందుకు జరుపుకుని. నేను మళ్ళీ మీటి, చెయ్యి పైకెత్తాను.