వరండా వైపు చూసిన పిల్ల

ఫరంపేట ఆడపిల్లల బడిలో పద్నాలుగేళ్లు పనిచేసిన రాహేలు పంతులమ్మ ఏనాడూ ఆలస్యంగా రాలేదు, ఏ పిల్లనూ కొట్టలేదు. ఈ రెండూ నేను విచారించి తెలుసుకున్నవి. ఆమెకు అసూయ ఉండేదన్న సంగతి మాత్రం విచారించనక్కరలేకపోయింది. ఆమే నాతో చెప్పింది. ఆమెను మెచ్చుకునేవారు ఇది దాచిపెడుతుంటారు. దాస్తే ఆమె చేసిన పని విలువ తెలియదు.

ఆ అసూయ మంచినీళ్ల చిట్టెమ్మ మీద. చిట్టెమ్మ పొద్దున్నే బడికి వచ్చి వరండాలో కుండలు నింపి, పది గంటలకల్లా ఎండుచేపల పనికి వెళ్లిపోవలసిన మనిషి. కాని 1957 కార్తీకంలో ఏటి మొగ దగ్గర పడవ తిరగబడి అమ్మన్న అనే జాలరి చనిపోయాక, అతని ఏడేళ్ల కూతురు వెంకటలక్ష్మి బడికి వచ్చి కూడా తరగతిలో నిలవలేదు. హాజరు పిలవడం కాగానే లేచి వెళ్లి కుండల వెనక కూర్చునేది. ఆ పిల్ల కోసం చిట్టెమ్మ మధ్యాహ్నం దాకా ఉండిపోయేది. ఏమీ అడిగేది కాదు. పిల్లకు వీపు చేసి కూర్చుని, చింతపండులో గింజలు తీస్తూ ఉండేది.

“మొకంలోకి చూత్తే ఏడుపు ఆగదండి. అటు తిరిగి కూకుంటే అదే ఆగుద్ది,” అనేది, ఎవరైనా అడిగితే.

క్రమంగా మరో నలుగురు పిల్లలు ఆ కుండల దగ్గరకు చేరారు. ఒకతె ఇంట్లో దెబ్బలు తినే పిల్ల, ఒకతె తల్లి లేని పిల్ల. రాహేలుకు ఒళ్లు మండింది.

“ఏం చిట్టెమ్మా, ఈ బళ్లో పంతులమ్మవి నువ్వా, నేనా?”

“మీరేనండి. నాకు అచ్చరం ముక్క రాదు కదండీ.”

“మరి నా క్లాసంతా నీ కుండల దగ్గరే ఉంటదేం?”

“దాహానికొత్తారండి. ఎండలండీ మరి.”

“మాఘమాసంలో ఎండలా? బాగానే చెప్తన్నావు!”

ఒకనాడు రాహేలు బజారులో బెల్లం జీళ్లు కొని వెంకటలక్ష్మి చేతిలో పెట్టింది. పిల్ల బుద్ధిగా తీసుకుంది. తీసుకుని తిన్నగా వరండాలోకి వెళ్లి, సగం విరిచి చిట్టెమ్మ నోటికి అందించింది. ఆ పూట రాహేలు అన్నం తినలేదట.

అదే నెలలో బడి సంఘం ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. సంఘంలో నేనూ సభ్యుణ్ణి. నెలకు పదిహేను రూపాయల జీతం మీద చిట్టెమ్మను పగలంతా బడిలోనే ఉంచి, దిగులుపడే పిల్లలను చూసుకోనివ్వాలని ప్రధానోపాధ్యాయురాలు కోరారు. జీతం లేకపోతే వేసవి తరువాత రాలేనని చిట్టెమ్మ చెప్పేసింది. కడుపు నిండాలి కదా. ఆమె వెళ్లిపోతే వెంకటలక్ష్మి మాట్లాడే మనిషి బడిలో మరొకరు లేరు.

బట్టల వర్తకుడు అప్పారావు పకపకా నవ్వాడు. “లెక్కలకో పంతులమ్మ, ఏడుపులకో పంతులమ్మాండీ? ఇళ్లల్లో అమ్మలు లేరేంటండీ?”

నవ్వు ఆధారం కాదు, జాలీ ఆధారం కాదు. ఏ పిల్ల ఎప్పుడు వరండాకు వెళ్తోంది, ఎప్పుడు తిరిగి వస్తోంది, దానివల్ల ఏమైనా మేలు కలుగుతోందా అన్నది ఒక నెల గమనించి రాయమని రాహేలుకు అప్పగించాము. ఆమె అసూయ అప్పటికే పేటంతటికీ తెలుసు. అయినా నేను ఆమె పేరే చెప్పాను. ఆమె హాజరు పట్టీలో ఏనాడూ ఒక్క దొంగ హాజరు పడలేదు.

రాహేలు ఆ పనిని సంతోషంగా తీసుకుంది. చిట్టెమ్మను సాగనంపడానికి దారి దొరికిందనుకున్నానని తరువాత తానే ఒప్పుకుంది. మూడు వారాలు గడియారం చూసి రాసింది. నాలుగో వారంలో తనిఖీ అధికారి వచ్చి రెండు రోజులు తానే హాజరు తీసుకున్నాడు, పేర్లు పిలవకుండా తలలు లెక్కపెట్టి. ఆ రెండు రోజులూ వెంకటలక్ష్మి తరగతి విడిచి కదలలేదు.

రాహేలు తన కాగితాలు ముందేసుకుని ఆలోచించింది. ఆ తరగతిలో వెంకటలక్ష్ములు ముగ్గురు. అందుకని తండ్రి పేరుతో కలిపి పిలిచేది. చనిపోయినవారిని బతికున్నవారిలా పిలవడం మర్యాద కాదని ట్రైనింగులో నేర్చుకున్న మనిషి, ప్రతి ఉదయమూ గొంతెత్తి, “కీర్తిశేషులు అమ్మన్నగారి కుమార్తె వెంకటలక్ష్మి” అని చదివేది. గౌరవమనే అనుకుంది.

వరండాలోకి వెళ్లి చిట్టెమ్మను అడిగింది. “నా పిలుపు వినే ఈ పిల్ల లేచి వస్తందని నీకు తెలుసా?”

“తెలుసండి. ‘మా నాన్న సచ్చిపోయేడని పంతులమ్మగారు రోజూ చదువుతారు’ అనేదండి.”

“మరి నాకు చెప్పవేమే?”

“పెద్ద చదువులు చదివినోరు. ఏదో రూలు గామోసనుకున్నానండి.”

ఇక్కడే రాహేలుకు అసలు పరీక్ష. ఆ ఒక్క మాట మానేస్తే పిల్ల తరగతిలో కూర్చుంటుంది. కూర్చుంది కాబట్టి చిట్టెమ్మ అవసరం లేదని రాయవచ్చు. చూడబోతే అందులో అబద్ధం కూడా లేదు. రెండు రోజులు ఆ వాక్యాన్ని మనసులో పెట్టుకుని తిరిగింది. మూడోనాటి సాయంత్రం అగ్రహారంలో మా ఇంటికి వచ్చి కాగితాలు చేతికిచ్చింది.

“ఆవిడంటే నాకు కుళ్లు, బాబుగారూ. అది తెలిసే చదవండి.”

చివరి పేజీలో ఇలా ఉంది: “ఈ పిల్లను రోజూ ఏడిపించినది నేను. ఆ సంగతి పిల్ల నాకు చెప్పలేదు, చిట్టెమ్మకు చెప్పింది. ఇటువంటివి పిల్లలు చెప్పుకోగల మనిషి బడిలో ఒకరుండాలి. ఆ మనిషి నేను కాదు.”

సంఘంలో దాన్ని నేనే చదివి వినిపించాను. అప్పారావు కండువాతో ముఖం తుడుచుకుని, “ఇంత రాసిచ్చేక ఇంకేమంటామండీ, ఇచ్చెయ్యండి,” అన్నాడు. ముందుగా ఏడాదికి జీతం మంజూరైంది. తరువాత ఏటా పొడిగించాము. మిగిలిన నలుగురు పిల్లల విషయంలో రాహేలు రాసిన వివరాలే అందుకు ఆధారమయ్యాయి.

ఆమె అసూయ పోయిందని చెప్పడానికి మాత్రం నాకు ఏ ఆధారమూ లేదు. కొన్నేళ్ల తరువాత ఆమే చెప్పింది. నివేదిక ఇచ్చిన మర్నాడు, “కిటికీ దగ్గర వెంకటలక్ష్మి” అని పిలిచిందట. పిల్ల లేచి నిలబడింది. ముందు వరండా వైపు చూసింది. చిట్టెమ్మ అటు తిరిగి కూర్చునే తల ఊపింది. అప్పుడు, “వచ్చానండీ” అంది.

“నా క్లాసులో నిలబడి, నేను పిలిస్తే, ఆవిణ్ణి అడిగి పలికిందండి,” అంది రాహేలు. ఇన్నేళ్లయినా ఆ గొంతులో మంట చల్లారలేదు. “హాజరు మాత్రం వేసేనండి.”