పట్టాల కోసం పన్నెండు రోజులు

ఆ రైలు పని గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది నాకు.

స్థానికులకు ఇన్ని ఉద్యోగాలివ్వాలని సౌదీలో నితాకత్ చట్టం పెట్టాక, సౌదీవాళ్లు తక్కువున్న మా కంపెనీ ఎరుపు జాబితాలో పడింది. ఎరుపులో ఉన్న కంపెనీ అకామా, అంటే మేం అక్కడ ఉండే అనుమతి, పొడిగించడానికి లేదు. నాదేమో ఇరవై రోజుల్లో తీరిపోతోంది. అల్ ఖోబర్‌లో ఆకుపచ్చ జాబితాలో ఉన్న కంపెనీ ఒకటి నన్ను తీసుకుంటానంది. కానీ పాస్‌పోర్టు మా మేనేజర్ బీరువాలో ఉంది. రైలు పని అయినట్టు ఇంజనీరు సంతకం తెస్తేనే ఇస్తానన్నాడు.

ఉత్తరాన ఎడారిలో, తుర్కీ సుల్తాన్ల కాలంలో జర్మనీ ఇంజనీర్లు పెద్ద రైలు దారి వేశారట. దాన్నుంచి రాతిగని దాకా ఒక చిన్న దారి చీల్చారట. మొదటి ప్రపంచ యుద్ధమొచ్చాక దాన్ని పట్టించుకున్నవాడు లేడు. ఇసుక తీసి దాని పట్టాలు బయటపెట్టాలని మాకిచ్చిన పని కాగితంలో ఉంది.

తవ్వాం. మట్టికట్ట, తుప్పు మేకులు తప్ప ఏమీ లేవు. ఇంకా లోతుకు తవ్వాం.

"అన్నా, నీళ్లు పడేదాంక తవ్వుదమా? బాయైనా అయితది," అన్నాడు నాతో పనిచేసే జగిత్యాల తమ్ముడు.

"నోరు మూసుకొని పార పట్టు తమ్మీ. నా అకామా గీడనే బొందవెట్టేటట్టున్నది."

మధ్యాహ్నం ఎండకు పక్కనే ఉండే ఎడారి అరబ్బు, ముసలి బదూ ఒకాయన రాతి కొట్టంలో కూర్చునేవాళ్లం. ఆయన గహ్వా కాఫీ పోసేవాడు, ఇంకా లోతుకు తవ్వమని చేత్తో చూపించేవాడు. పెద్దమనిషి ఇంట్లో కూర్చుని కప్పు వంకా మూలల వంకా చూడడం మా దగ్గర మర్యాద కాదు. తలొంచుకుని తాగి లేచేవాళ్లం.

పన్నెండో రోజు ఇంజనీరొచ్చాడు. గుంతలు చూసి పట్టాలేవని అరబ్బీలో అరిచాడు. ముసలాయన ఆయన చెయ్యి పట్టి కొట్టంలోకి లాక్కెళ్లి "ఫౌగ్, ఫౌగ్" అని పైకి చూపించాడు. కప్పు కింద దూలాలన్నీ రైలు పట్టాలే! వాటి మీద అక్షరాలు ఇంగ్లీషువే, మాటలు మాత్రం ఇంగ్లీషు కావు. రైలాగిపోయాక ముసలాయన తాత ఒంటెల మీద తెచ్చుకున్నాడట.

"రోజూ ఇక్కడే కూర్చున్నారా?" అన్నాడు ఇంజనీరు.

"అవును సార్."

"ఒక్కసారీ తల ఎత్తలేదా?"

ఇంజనీరు తల కొట్టుకుని, పట్టాలు లేవు, కట్ట మాత్రమే ఉందని రాసి సంతకం పెట్టాడు. పాస్‌పోర్టు నా చేతికొచ్చేసరికి అకామాకు అయిదు రోజులే ఉన్నాయి.

బయల్దేరే ముందు నాకొచ్చిన అరబ్బీలో ముసలాయన్ని అడిగాను, పట్టాల సంగతి మొదటి రోజే చెప్పొచ్చు కదా అని.

ఆయన గుంత వైపు దిగులుగా చూశాడు. "నాకు బావి తవ్వుతున్నారనుకున్నా," అన్నాడు.