కాక కట్టిన చల్లటి ఇల్లు

గోదావరిఖనిలో నాకు ఏసీల దుకాణం ఉంది. అమ్మడం, బిగించడం, పాడైతే బాగుచేయడం అన్నీ మేమే. కొత్త సంవత్సరం నుంచి స్టార్ రేటింగు నిబంధనలు మారతాయని తెలిసి, ఊళ్లో ఇళ్లు కట్టి అమ్మే బిల్డర్లు ఆ సంగతేమిటో తమకు చెప్పమని నన్ను పిలిచారు. నలుగురి ముందు నిలబడి మాట్లాడటం నాకదే మొదటిసారి.

నిన్నటిదాకా ఐదు స్టార్లున్న మిషనుకు ఇకమీద నాలుగే వస్తాయని, ఐదు కావాలంటే ఇంకా తక్కువ కరెంటు కాల్చాలని చెప్పాను. మర్యాదకు విన్నారు. కొందరు ఫోన్లు చూసుకుంటున్నారు. అందరూ కాకా అని పిలిచే పెద్ద బిల్డర్ ముందు వరసలో ఉన్నాడు. బొగ్గుబాయిలో చాన్నాళ్లు పనిచేసి ఇళ్ల పనిలోకి వచ్చిన మనిషి.

"బిడ్డా, ఏసీ కొనేటోడు వేరే. నేను ఇల్లు కట్టేటోణ్ణి. నాకెందుకీ ఫికర్?" అన్నాడు.

అందరూ తలలూపారు. నేను రాసుకెళ్లిన కాగితం మడిచి, ఆయన్నే ఒకటి అడిగాను.

"కాకా, బాయిల గాలి బయటికి పొయ్యే తొవ్వ మూసేస్తే ఏమైతది?"

"ఏమైతది, లోపల మనిషి నిలువడు."

"ఏసీది బయటి డబ్బా గూడ గంతే. రెండు గోడల నడుమ సందుల ఇరికిస్తే దాని వేడి దానికే కొడ్తది. ఎన్ని స్టార్లుంటే ఏం ఫాయిదా? ఆ సందు పెట్టేది మీరే గదా."

ఫోన్లు జేబుల్లోకి వెళ్లాయి. ఇక ఎండకు కాలే స్లాబు గురించి, పడమటి గోడ గురించి ఎంతసేపు మాట్లాడానో నాకే తెలియలేదు.

మర్నాడే కాక తన సైటుకు రమ్మన్నాడు. స్లాబు అప్పటికే వేసేశారు. అయినా ఏసీ డబ్బాల చోటును ఉత్తరం వైపు గాలాడే గోడకు మార్చాడు. స్లాబు మీద తెల్ల టైల్స్ పరిపించాడు, పడమటి కిటికీ సజ్జ పొడిగించాడు. అన్నీ చూసి, పడగ్గదికి ఒకటిన్నర టన్ను ఏసీ అక్కర్లేదు, ఒక టన్ను చాలన్నాను. తోటి బిల్డర్లు నవ్వారు. రామగుండం ఎండల ముందు అది ఏ మూలకన్నారు. లెక్క వేసే చెప్పాను గానీ, నాకూ లోపల గుబులుగానే ఉంది. తప్పితే దుకాణం పేరు పోతుంది.

మే నెలలో ఒక మిట్టమధ్యాహ్నం, నవ్విన వాళ్లందరినీ కాక ఆ గదిలో కూర్చోబెట్టాడు. కాసేపటికి గది చల్లబడింది. ఒకాయన స్టూలెక్కి స్లాబుకు అరచెయ్యి ఆనించి, చాలాసేపు తియ్యలేదు.

అంతలో కరెంటు పోయింది. ఎవరో లేవబోతే కాక, "కూసో, చాయ్ తాగి పోదువు" అన్నాడు. చాయ్ వచ్చింది, తాగారు, మాటల్లో పడ్డారు. ఒక్కరి నుదుట చెమట లేదు. ఏసీ మళ్లీ మొదలయ్యాక గానీ కరెంటు వచ్చిన సంగతి ఎవరూ గమనించలేదు.

స్టూలెక్కినాయన నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, నా సైటు ఇంక పునాదుల మీదనే ఉన్నది. రేపు జర వచ్చి చూస్తవా?"

ఆ ఎండాకాలమంతా నేను దుకాణంలో కన్నా సైట్లలోనే ఎక్కువ ఉన్నాను. మంచిర్యాల బిల్డర్లూ పిలిచారు. అక్కడ కాగితం లేకుండానే మైకు పట్టుకుని మాట్లాడాను.

కాక కట్టిన ఇంటిని బాయిలో నైట్ షిఫ్టు చేసే ఒకాయన కొన్నాడు. వాళ్లు దిగాక ఏసీ ఎట్లా ఉందో చూద్దామని వెళితే ఆయన భార్య గుమ్మంలోనే ఆపి, గొంతు తగ్గించి చెప్పింది.

"పాత ఇంట్ల పగలు నిద్రపోయేటోడే కాదక్కా. ఇప్పుడు పొద్దున పండుకుంటే మాపటికి గాని లేస్తలేడు. మీరు మల్ల రాండ్రి."

ఆయన్ని లేపకుండా, చెప్పుల చప్పుడు కానీయకుండా మెట్లు దిగాను. వీధిలోకి వచ్చాక మాత్రం మండుటెండలో నిలబడి కాకకు ఫోన్ చేసి సంగతి చెప్పాను, ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం.